బడి ముందు బండి వేగము

ఉదయము తొమ్మిది గంటలు కావచ్చినది. రోడ్డు ప్రక్కనున్న ఏ పాఠశాల ముందైనను కొంతసేపు నిలిచి చూడుడు. సంచులు వీపున వేసికొని పిల్లలు గుంపులుగా వచ్చుచుందురు. కొందరు నడిచి, కొందరు సైకిళ్ళమీద, కొందరు ఆటోలలో వత్తురు. ఆటో రోడ్డుకు ఆవలి ప్రక్కన ఆగును. దాని వెనుకనుండి ఒక చిన్నపిల్ల తల వంచుకొని బడి గేటువైపు పరుగెత్తును. అదే సమయమున లారీయో, పొరుగూరి యువకుని మోటారు సైకిలో ఆ రోడ్డుననే వచ్చుచుండును. అనేక దినములు ఏమియు జరుగదు. ఆ దినములను చూచి మనము నిశ్చింతగా నుందుము. జరుగరానిది జరిగిన నాడు మాత్రము ఊరంతయు రోడ్డుపైకి వచ్చును. రాస్తారోకో జరుగును. అధికారులు వత్తురు. కొలది దినములలో అచట ఒక స్పీడు బ్రేకరు వెలయును.

ఆ పని ముందుగానే ఏల చేయరాదు? బిడ్డ ప్రాణము పోయిన తరువాత నాటెడి బోర్డును అంతకుముందే ఏల నాటరాదు? ఈ విషయమును గ్రామస్థులు ఆలోచింపవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. పాఠశాల ముందు ఏ వాహనమును గంటకు 30 కిలోమీటర్లకు మించిన వేగమున పోరాదు. దీనికి కారణమేమి, చట్టమేమి చెప్పుచున్నది, గ్రామము ఏమి చేయవలెను అను మూడు సంగతులను వరుసగా వివరింతుము.

ముప్పదికిని అరువదికిని గల భేదము

గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఒక్క సెకండులో 8 మీటర్లకు పైగా పోవును. 60 కిలోమీటర్ల వేగమున పోవునది సుమారు 17 మీటర్లు పోవును. ఎదుట ఏదైన కనబడినప్పుడు డ్రైవరు దానిని గుర్తించి బ్రేకుమీద కాలు మోపుటకు సుమారు ఒక సెకండు పట్టును. ఆ సెకండు కాలమును బండి వేగము తగ్గకుండగనే ముందునకు పోవును. బ్రేకు పట్టిన తరువాత కూడ నిలుచుటకు మరికొంత దూరము కావలెను.

పొడిగానున్న తారురోడ్డుమీద, మంచి బ్రేకులును మంచి టైర్లును గల కారును లెక్కకు తీసికొందము. 30 కిలోమీటర్ల వేగమున నున్నప్పుడు కాలు బ్రేకుమీద పడులోపల 8 మీటర్లు, ఆపై నిలుచుటకు సుమారు 5 మీటర్లు, మొత్తము 13 మీటర్లు కావలెను. 60 కిలోమీటర్ల వేగమున నున్నప్పుడు 17 మీటర్లును, 20 మీటర్లును కలిసి మొత్తము 37 మీటర్లు కావలెను. వేగము రెండింతలైనచో బ్రేకు పట్టిన పిమ్మట పోవు దూరము నాలుగింతలగును. వాననీటిలో తడిసిన రోడ్డుమీదను, బరువెక్కిన లారీకిని, అరిగిన టైర్లకును ఈ దూరము ఇంకను పెరుగును.

ఇప్పుడు బండికి 15 మీటర్ల ముందు ఒక పిల్లవాడు రోడ్డుమీదికి వచ్చెననుకొందము. 30 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు అతనిని చేరకముందే నిలిచిపోవును. 60 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు, డ్రైవరు కాలు బ్రేకుమీద పడకముందే, పూర్తి వేగముతో అతనిని తాకును. డ్రైవరు ఎంతటి నేర్పరియైనను, ఎంత జాగరూకుడైనను ఈ లెక్కను మార్చలేడు. 

దెబ్బయొక్క బలమును కూడ ఇట్లే తెలిసికొనవచ్చును. 30 కిలోమీటర్ల వేగమనగా మూడున్నర మీటర్ల ఎత్తునుండి, అనగా ఒక మిద్దెమీదినుండి, క్రింద పడినప్పుడు కలుగు వేగము. 60 కిలోమీటర్ల వేగమనగా 14 మీటర్ల ఎత్తునుండి, అనగా ఎదిగిన తాడిచెట్టు తలనుండి, పడినప్పటి వేగము. మొదటిదానివలన గాయములు కలిగినను బ్రతుకుదుమను ఆశ కలదు. రెండవదానివలన అట్టి ఆశ బహు స్వల్పము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్న విషయము కూడ ఇదియే. కారు తాకిడికి గురియైన పాదచారి మరణించు అపాయము, వేగము 50 కిలోమీటర్లనుండి 65 కిలోమీటర్లకు పెరిగినప్పుడు నాలుగున్నర రెట్లగును. 5 మొదలు 29 సంవత్సరముల వరకు వయస్సుగల వారి మరణములకు రోడ్డు ప్రమాదములే ప్రపంచమున ప్రథమ కారణమని కూడ ఆ సంస్థ తెలుపుచున్నది.

పిల్లలు పెద్దలవంటి వారు కారు

“పిల్లలకు బుద్ధి చెప్పుకొనవలెను గాని బండ్లను ఆపుట ఎందులకు?” అని కొందరందురు. బుద్ధి చెప్పవలసినదే. కాని చిన్నపిల్లల కన్ను, ఎత్తు, మనస్సు పెద్దలవాటివంటివి కావు. ఆగియున్న ఆటో వెనుకనున్న ఏడేండ్ల పిల్లకు వచ్చెడి బండి కనబడదు. ఆ బండి నడుపువానికి పిల్లయు కనబడదు. వచ్చు బండి ఎంత దూరమున నున్నది, ఎంత వేగమున వచ్చుచున్నది అను రెండింటిని కలిపి అంచనా కట్టుట వయస్సుతో వచ్చు శక్తి. ప్రాథమిక పాఠశాల వయస్సు పిల్లలు గంటకు సుమారు 30 కిలోమీటర్లకు మించిన వేగమున వచ్చు వాహనముల రాకను కొన్ని సందర్భములలో సరిగా గుర్తింపజాలరని 2011లో ప్రకటింపబడిన ఒక ఆంగ్ల పరిశోధన తెలిపినది. మరియు ఆవలి ప్రక్కన తల్లి పిలిచినను, ఐసుబండివాడు గంట కొట్టినను పిల్లవాడు బండ్ల సంగతి మరచిపోవును. అది బాల్య స్వభావము. పిల్లవాడు తప్పు చేయుననుట ముందే తెలిసిన విషయము గాన, ఆ తప్పునకు మరణము శిక్ష కాకుండ చూచుట పెద్దల బాధ్యత.

పదునెనిమిది సెకండ్ల నష్టము

వేగము తగ్గించినచో ప్రయాణికులకును, సరుకులకును ఆలస్యమగునని మరియొక ఆక్షేపణ కలదు. దీనిని కూడ లెక్క వేయుదము. బడి గేటునకు అటు 150 మీటర్లు, ఇటు 150 మీటర్లు, మొత్తము 300 మీటర్ల మేర పరిమితి పెట్టితిమనుకొందము. ఈ దూరమును 60 కిలోమీటర్ల వేగమున దాటుటకు 18 సెకండ్లు పట్టును. 30 కిలోమీటర్ల వేగమున 36 సెకండ్లు పట్టును. అనగా నష్టము 18 సెకండ్లు మాత్రమే. దారిలో పది పాఠశాలలున్నను మొత్తము ఆలస్యము మూడు నిమిషములు. ఒక బిడ్డ ప్రాణమునకు ఇది ఎక్కువ వెలయని ఏ గ్రామస్థుడును అనడు.

చట్టము ఇచ్చిన అధికారము

కేంద్రప్రభుత్వము 2018 ఏప్రిల్‌లో వాహనముల గరిష్ఠ వేగములను నిర్ణయించినది. దాని ప్రకారము సామాన్యమైన రోడ్లమీద కార్లకు 70 కిలోమీటర్లు, మోటారు సైకిళ్ళకును లారీలకును 60 కిలోమీటర్లు పరిమితి. అయితే ఇవి ఎల్లప్పుడును ఎల్లచోట్లను పోదగిన వేగములు కావు. మించరాని హద్దులు మాత్రమే. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 112వ సెక్షను ప్రకారము, ప్రజల భద్రత కొరకు ఒక ప్రాంతమునగాని, ఒక రోడ్డుమీదగాని ఇంతకంటె తక్కువ పరిమితిని విధించు అధికారము రాష్ట్రప్రభుత్వమునకును, అది అధికారమిచ్చిన వారికిని కలదు. అందుకై గెజెటులో ప్రకటన చేసి, 116వ సెక్షను క్రింద బోర్డులు నాటవలెను. ఒక నెలకు మించని తాత్కాలిక పరిమితికి గెజెటు ప్రకటన అవసరము లేదని కూడ ఆ చట్టము చెప్పుచున్నది. ఇట్లు విధించిన పరిమితిని మీరుట 183వ సెక్షను క్రింద శిక్షార్హమగు నేరము.

ఇచట బోర్డులను గూర్చి ఒక ముఖ్య విషయము తెలిసికొనవలెను. ఎర్ర అంచుగల త్రికోణములో పిల్లల బొమ్మ యున్న బోర్డు హెచ్చరిక మాత్రమే. “ముందు పాఠశాల కలదు, జాగ్రత్త” అని అది చెప్పును. ఎర్ర అంచుగల గుండ్రని బోర్డులో 30 అను అంకె యున్నచో అది ఆజ్ఞ. మొదటిది మాత్రమే యున్నచోట, వేగముగా పోయినవానిని ఆ పరిమితి మీరితివని పోలీసులు అడుగుటకు వీలులేదు. మీ పాఠశాల ముందు ఏ బోర్డు కలదో చూచుకొనుడు.

ఇతర దేశముల అనుభవము

2020 ఫిబ్రవరిలో స్వీడన్ దేశపు స్టాక్‌హోమ్ నగరమున ప్రపంచ దేశముల మంత్రులు సమావేశమై, పాదచారులును సైకిళ్ళవారును వాహనములతో కలిసి తిరుగు చోట్ల 30 కిలోమీటర్లు గరిష్ఠ వేగముగా నుండవలెనని ప్రకటించిరి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో పాఠశాలల వద్ద బడి పెట్టు వేళను, విడుచు వేళను 40 కిలోమీటర్ల పరిమితి అమలులో నున్నది. దినమంతయు పరిమితి పెట్టుట కష్టమనుకొను పెద్ద రోడ్లమీద ఇట్టి వేళల పద్ధతి మనకును ఉపయోగింపగలదు. ఈ పని ధనిక దేశములకే సాధ్యమనుకొనరాదు. ఆఫ్రికాలోని టాంజానియా దేశపు దారెస్సలాం నగరమున మొదలైన ఒక కార్యక్రమములో పాఠశాలల చుట్టును నడకదారులు, స్పీడు బ్రేకర్లు, బోర్డులు, రోడ్డు దాటు చారలు మొదలగు స్వల్పవ్యయ పనులు చేసిరి. పిల్లలకు గాయములు తగ్గించిన ఆ కార్యక్రమమునకు 2019లో అంతర్జాతీయ బహుమతి లభించినది.

గ్రామము చేయవలసిన పనులు

మొదట రోడ్డు ఎవరిదో తెలిసికొనవలెను. అది గ్రామపంచాయతీదో, పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖదో, రోడ్లు భవనముల శాఖదో, లేక జాతీయ రహదారియో నిర్ణయమైనగాని అర్జీ ఎవరికి పెట్టవలెనో తెలియదు.

రెండవది, వేగమును కొలువవలెను. “బండ్లు చాల వేగముగా పోవుచున్నవి” అని వ్రాసిన అర్జీకంటె అంకెలతో వ్రాసిన అర్జీకి బలమెక్కువ. రోడ్డు అంచున టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివరల సున్నముతో గుర్తులు పెట్టవలెను. రోడ్డుకు దూరముగా సురక్షితమైన చోట నిలిచి, బండి మొదటి గుర్తునుండి రెండవ గుర్తునకు చేరుటకు పట్టిన కాలమును సెల్‌ఫోనులోని గడియారముతో చూడవలెను. 6 సెకండ్లు పట్టినచో వేగము 30 కిలోమీటర్లు. నాలుగున్నర సెకండ్లయినచో 40 కిలోమీటర్లు. 3 సెకండ్లే యైనచో 60 కిలోమీటర్లు. బడి పెట్టు వేళను, విడుచు వేళను ఒక వారము దినములు ఇట్లు లెక్క వ్రాయవలెను. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో పై తరగతుల విద్యార్థులు దీనిని గణితపాఠముగా కూడ చేయవచ్చును.

మూడవది, పాఠశాల యాజమాన్య కమిటీయు, గ్రామసభయు తీర్మానము చేసి, ఈ లెక్కను జతపరచి, రోడ్డు గల శాఖవారికిని, పోలీసు ఠాణాకును, జిల్లా రోడ్డు భద్రతా కమిటీకిని పంపవలెను. నకళ్ళపై అందినట్లు సంతకము తీసికొని దాచవలెను.

నాలుగవది, బోర్డు ఒక్కటే చాలదని గ్రహింపవలెను. విశాలమైన తిన్నని రోడ్డు చూడగానే డ్రైవరు కాలు తానే యాక్సిలరేటరును నొక్కును. కావున స్పీడు బ్రేకరు, రోడ్డు దాటు చారలు, నడకదారి కూడ కావలెను. అయితే గ్రామస్థులు తామే రాళ్ళు, మట్టి వేసి మిట్టలు కట్టరాదు. రంగు లేని ఎత్తైన మిట్ట రాత్రివేళ మోటారు సైకిలువానికి మృత్యువగును. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము ప్రకారము గుండ్రని స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పును, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తును కలిగియుండవలెను. అది బండిని సుమారు 25 కిలోమీటర్ల వేగమున కుదుపు లేక దాటించును. దానికి ముందు హెచ్చరిక బోర్డును, పైన రంగుచారలును ఉండవలెను. జాతీయ రహదారులపై స్పీడు బ్రేకర్లు సాధారణముగా అనుమతింపబడవు గాన, అచట ఇతర మార్గములను ఇంజనీర్లతో ఆలోచింపవలెను.

ఐదవది, ఎవరి అనుమతియు అక్కరలేక రేపే చేయదగిన పనులు కొన్ని కలవు. ఆటోలు పిల్లలను బడి ప్రక్కననే దింపవలెను. ఐసుబండిని, మిఠాయి బండిని రోడ్డు ఆవలి ప్రక్కనుండి ఈవలికి మార్పించవలెను. బడి సమీపమున రోడ్డుమీద వడ్లు ఆరబోయరాదు. వడ్ల రాశి రోడ్డును ఇరుకు చేసి పిల్లలను బండ్ల దారిలోనికి త్రోయును. బడి విడుచునప్పుడు చిన్న తరగతులవారిని ముందుగా పంపి, ఒక పెద్దవారు గేటువద్ద నిలువవలెను.

చివరి మాట

ఒక నిజమును దాచక చెప్పుకొందము. బడి ముందు వేగముగా పోవు బండ్లన్నియు ఎక్కడినుండియో వచ్చినవి కావు. వానిలో అనేకము మన ఊరి మోటారు సైకిళ్ళు, మన ఆటోలు, మన ట్రాక్టర్లు. తన బిడ్డను బడిలో దింపిన తండ్రియే, మరలిపోవునప్పుడు పరుల బిడ్డల నడుమ వేగముగా పోవుచుండును. కావున బోర్డు వచ్చువరకు వేచియుండవలసిన పని లేదు. మన ఊరి బండ్లు ఆ 300 మీటర్లు మెల్లగా పోయినచో వెనుక వచ్చు పొరుగూరి బండి కూడ మెల్లగా పోక తప్పదు.

జూన్ నెలలో పాఠశాలలు తెరచునాటికి ప్రతి గ్రామమును తన బడి ముందు రోడ్డును ఒకసారి కొలిచి చూచుకొనవలెనని మా మనవి. హాజరుపట్టీలో నున్న పేర్లన్నియు సంవత్సరాంతమున కూడ అట్లే యుండుటకు మనము ఈయవలసినది పదునెనిమిది సెకండ్లు. వచ్చు గ్రామసభలోనే ఈ విషయమును చర్చింతురని ఆశించుచున్నాము.