డిగ్రీలో చేరిన మేనకోడలికి: పేరు, ఫొటో, స్నేహితుల జాబితా

ఫేస్‌బుక్‌లో ఒకరి పేరుతో నకిలీ ఖాతా తెరవడానికి వాళ్ల పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఫొటో, ఊరు, స్నేహితుల జాబితా బయటికి కనిపిస్తే చాలు. అదే ఫొటోతో ఇంకో ఖాతా తెరిచి, జాబితాలో ఉన్నవాళ్లందరికీ రిక్వెస్టులు పంపుతారు. పాత ఖాతా పోయిందేమో అనుకుని బంధువులు ఒప్పేసుకుంటారు. రెండు రోజులకు మెసేజ్ వస్తుంది: 'అర్జెంటుగా పదివేలు ఫోన్‌పే చేయండి, రేపు పొద్దున ఇచ్చేస్తాను.'

ఈ మోసం చాలాసార్లు పిలుపు దగ్గరే దొరికిపోతుంది. సొంత అత్తయ్యను 'మేడమ్' అని, చిన్ననాటి నేస్తాన్ని 'మీరు' అని ఎవరంటారు? అనుమానం వస్తే ఎప్పుడూ మాట్లాడే నంబరుకే ఫోన్ చేయాలి. ఇంట్లో పిలిచే ముద్దుపేరు ఏమిటో అడగాలి. ఆ పేరు పోస్టుల్లో ఎక్కడా కనిపించకుండా ఉండటం అందుకే మంచిది.

చాలామంది ఫొటోల గురించి భయపడతారు, స్నేహితుల జాబితాను పట్టించుకోరు. డబ్బు పోయేది మాత్రం ఆ జాబితాలో ఉన్నవాళ్లకే. ఫేస్‌బుక్‌లో దాన్ని 'ఓన్లీ మీ'గా మార్చుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతాను ప్రైవేటు చేస్తే ఫాలోయర్ల జాబితా బయటివాళ్లకు కనపడదు.

పుట్టిన సంవత్సరం కూడా చిన్న విషయం కాదు. ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అంటే పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం జిరాక్స్ షాపుకు పంపిన ఫైలు అక్కడి కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే పడి ఉంటుంది. ప్రొఫైల్‌లో సంవత్సరం కనిపిస్తుంటే తర్వాత వచ్చినవాళ్లెవరైనా దాన్ని తెరవగలరు. శుభాకాంక్షలు అందుకోవడానికి తేదీ, నెల సరిపోతాయి. ప్రింటు చేతికొచ్చాక ఫైలును ఎదురుగా తీసేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాలి.

వాట్సాప్ కోసం వచ్చే ఆరంకెల కోడ్‌ను స్నేహితురాలు అడిగినా చెప్పకూడదు. అప్పటికే ఆమె ఖాతా వేరే చేతుల్లో ఉండి ఉండవచ్చు. టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకుంటే, కోడ్ పొరపాటున బయటపడినా ఇంకో తాళం మిగులుతుంది.

ఆడపిల్లల ఫొటోలను మార్ఫింగ్ చేసి బెదిరించడం వీటన్నిటికన్నా క్రూరమైనది. ఇందులో ఆ పిల్ల తప్పు రవ్వంత కూడా లేదు. ఒకసారి డబ్బు పంపితే మళ్లీ అడుగుతారు. ఈ భారం ఒంటరిగా మోయకుండా అమ్మకో అత్తకో అదే రోజు చెప్పాలి, ఎంత రాత్రయినా సరే. ఇక మొదట చెప్పిన నకిలీ ఖాతాల విషయానికొస్తే, ఒకరి గుర్తింపును దొంగిలించడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

బ్లాక్ చేసే ముందే మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి, ఆ ప్రొఫైల్ లింకు కూడా రాసి ఉంచుకోవాలి. పైకి కనిపించే పేరును ఎప్పుడైనా మార్చేయవచ్చు కాబట్టి పేరొక్కటే పోలీసులకు చాలదు. డబ్బు పోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. సొమ్ము ఇంకో ఖాతాకు మారేలోపు బ్యాంకులు దాన్ని ఆపగలిగే అవకాశం ఉంటుంది. మిగతా ఫిర్యాదులను జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు.