నీట్ ర్యాంకు రాకున్నా డెంటల్ రంగంలో దారులున్నాయి

నీట్ ఫలితాలు వచ్చాయంటే వరంగల్‌లో బైపీసీ విద్యార్థుల ఇళ్లలో ఒకటే లెక్క: ఎంబీబీఎస్ కాకపోతే బీడీఎస్, అదీ రాకపోతే? తెలంగాణలో ఈ సీట్ల కౌన్సెలింగ్ నడిపే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం మన ఊళ్లోనే ఉంది. అయితే పళ్ల డాక్టరు వెనక పనిచేసే చేతులు చాలానే ఉంటాయి. వాటికి చదువులూ ఉన్నాయి, చట్టంలో చోటూ ఉంది.

బీడీఎస్

ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ల కోర్సు. నీట్ తప్పనిసరి. ప్రభుత్వ డెంటల్ కాలేజీ హైదరాబాద్‌లో ఉంది. ప్రైవేటులో చూస్తే, ఖమ్మం మమత కాలేజీ వరంగల్ వారికి దగ్గర. స్పెషలిస్టు కావాలంటే మరో మూడేళ్లు ఎండీఎస్ చదవాలి. సొంత క్లినిక్‌కు కుర్చీ, ఎక్స్‌రే, స్టెరిలైజర్ అంటూ పెట్టుబడి పెద్దదే. అందుకే మొదట్లో సీనియర్ దగ్గర చేరి పని నేర్చుకోవడం మేలు.

డెంటల్ మెకానిక్

క్యాపులు, కట్టుడు పళ్లు తయారుచేసేది వీరే. ఇంటర్ సైన్స్ తర్వాత రెండేళ్ల డిప్లొమా. లోహపు క్యాపు పోతపోసే పద్ధతి మన ఆదిలాబాద్ డోక్రా కళాకారులదే: మైనంతో రూపు చెక్కి, చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. దీన్ని దంతవైద్యంలోకి 1907లో అమెరికా డాక్టరు విలియం టాగర్ట్ తెచ్చారు.

ఇప్పుడు జిర్కోనియా అనే పింగాణీ పదార్థం వచ్చింది. డాక్టరు పేషెంటు నోట్లో స్కానర్ తిప్పితే పన్ను ఆకారం కంప్యూటర్ మీదకు వస్తుంది. టెక్నీషియన్ దానిమీద క్యాపు డిజైన్ చేస్తాడు, మిల్లింగ్ యంత్రం చెక్కుతుంది. చెక్కేటప్పుడు కావాలనే అయిదో వంతుకు పైగా పెద్దగా చెక్కుతారు. దాదాపు 1500 డిగ్రీల కొలిమిలో కాలాక అది కుంచించుకుని సరైన కొలతకు వస్తుంది. అంచు దగ్గర వెంట్రుకవాసి సందు మిగిలినా అందులో పాచి చేరి, లోపల పన్ను పుచ్చిపోవచ్చు. నమిలే పళ్లకు గట్టి జిర్కోనియా, ముందు పళ్లకు వెలుగు దూరే లిథియం డైసిలికేట్ ఎక్కువగా వాడతారు. యంత్రం నడపడంతో పాటు ఏ పదార్థం ఎక్కడ ఒప్పుతుందో తెలిసినవాడికే ల్యాబులో విలువ. డిజైన్ సాఫ్ట్‌వేర్, త్రీడీ ప్రింటింగ్ మీద ఇష్టమున్నవారూ ఇటు చూడొచ్చు.

డెంటల్ హైజీనిస్ట్

ఇదీ రెండేళ్ల డిప్లొమానే. పళ్లకు పట్టిన గార తీయడం, పాలిష్ చేయడంతో పాటు శుభ్రత నేర్పడం కూడా హైజీనిస్టు పనేనని 1948 దంతవైద్యుల చట్టం చెప్పింది. గార తీసే అల్ట్రాసోనిక్ స్కేలర్ పట్టడం వస్తే చాలదు, పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పడమూ రావాలి.

చెప్పాల్సింది ఇదీ: మెత్తని బ్రష్‌తో, ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకోవాలి. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. పళ్ల సందులకు ఫ్లాస్ లేదా సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడాలి. ఇటుకపొడి, బొగ్గుపొడి ఎనామిల్‌ను అరగదీస్తాయి. గట్టిపడిన గార బ్రష్‌కు రాదు, దాన్ని ఇంట్లో పిన్నుతో గీకకూడదు. నల్గొండ పల్లెల్లో పెద్దవారి పళ్ల మీద కనిపించే ఫ్లోరోసిస్ మచ్చలు చిన్నప్పుడే ఎనామిల్‌లో ఏర్పడినవి, ఎంత తోమినా పోవు. అలాంటివారిని డాక్టరుకు చూపించాలి.

ఫీజు కట్టేముందు

కోర్సుకు గుర్తింపు ఉందా, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. 2023లో జాతీయ డెంటల్ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది కాబట్టి నిబంధనలు తాజాగా చూసుకోండి. హైజీనిస్టు, మెకానిక్ సొంతంగా వైద్యం చేయకూడదు, డాక్టరుతో కలిసే పనిచేయాలి. ‘డిప్లొమాతో సొంత క్లినిక్’ అనే ప్రకటన కనిపిస్తే ఆ సంస్థ గడప తొక్కకండి.

హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో ఒక డెంటల్ ల్యాబు యజమానిని అడిగి, కొన్ని రోజులు పక్కన కూర్చుని పని చూడండి. ఒక్క పన్ను మీద గంటసేపు చూపు నిలపడం మీకు విసుగనిపించకపోతే, అప్పుడు దరఖాస్తు నింపండి.