తపాలా బిళ్ళలు చెప్పే రేడియో కథ

బ్రిటన్‌లో బి.బి.సి. రేడియో ప్రసారాలు 1922 నవంబరు 14న మొదలయ్యాయి. ఆ స్వర్ణోత్సవాన్ని గుర్తుచేస్తూ 1972 సెప్టెంబరు 13న ఆ దేశం తపాలా బిళ్ళలు విడుదల చేసింది. మూడింటిపై మైక్రోఫోనులు, కొమ్ము ఆకారపు లౌడ్‌స్పీకరు, టెలివిజన్ కెమెరా ఉన్నాయి. నాల్గవదానిపై 1897 నాటి స్పార్కు ట్రాన్స్‌మిటరు ఉంది. ఆ ఏడాది మే నెలలో మార్కోని, ఆయన సహాయకుడు కెంప్ ఫ్లాట్ హోమ్ దీవి నుండి సముద్రం మీదుగా లావర్నాక్ తీరానికి తీగలు లేకుండానే వార్త పంపారు.

1897లోనే వార్త సముద్రం దాటింది కదా! మరి మాటలు, పాటలు ఇంటింటికీ చేరడానికి పాతికేళ్ళు ఎందుకు పట్టింది?

స్పార్కు నుండి పుట్టే రేడియో తరంగం, కొట్టి వదిలిన గంట మోతలాగా త్వరగా క్షీణిస్తుంది. చుక్కలు, గీతలతో కూడిన మోర్స్ సంకేతాలకు అది చాలు. కాని గొంతులోని హెచ్చుతగ్గులను మోయాలంటే, ఊదుతున్న వేణునాదంలా ఎడతెగని తరంగం కావాలి. దీనినే వాహక తరంగం అంటారు.

1906లో లీ డి ఫారెస్ట్ రూపొందించిన మూడు ఎలక్ట్రోడుల వాల్వును తరువాతివారు మెరుగుపరచి, అటువంటి తరంగాన్ని సులభంగా పుట్టించగలిగారు. మైక్రోఫోను ధ్వనిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్నిబట్టి వాహక తరంగపు ఎత్తు పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. రేడియో సెట్టు ఈ మార్పులను వేరుచేసి లౌడ్‌స్పీకరుకు అందిస్తే, మళ్ళీ ధ్వని వినిపిస్తుంది. మార్కోని స్పార్కుకూ, బి.బి.సి. మైక్రోఫోనుకూ నడుమ వంతెన ఈ వాల్వే.

మెరుపులు మెరిసేటప్పుడు ఇంట్లోనే ఉండి, బ్యాటరీతో పనిచేసే మీడియం వేవ్ రేడియో పెట్టి వినండి. చిటపట శబ్దాలు వస్తాయి. మెరుపూ ఒక పెద్ద స్పార్కే!