ఇందూరు పసుపు – పంట కాలము, పరపతి కాలము



పంట చేతికి వచ్చిన నాడు రైతుకు కష్టం తీరవలెను. కానీ అనేక వ్యావసాయిక పట్టణాలలో ఆ రోజే అతని అసలు కష్టం మొదలవుతుంది. మార్కెట్టు యార్డులో సరుకు గుట్టలుగా పడి ఉంటుంది, ధర తగ్గుతుంది, ఇంటిలో అప్పుల వాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు. ఈ సమస్యను ఒక పట్టణాన్నీ, దాని చుట్టూ ఉన్న జిల్లానూ ఉదాహరణగా తీసుకొని అధ్యయనం చేద్దాము. ఆ పట్టణం తెలంగాణలోని నిజామాబాద్. దాని పాత పేరు ఇందూరు.

పట్టణము – జిల్లా

నిజామాబాద్ జిల్లాకు ఉత్తరాన గోదావరి సరిహద్దుగా ప్రవహిస్తుంది. కందకుర్తి వద్ద మంజీర, హరిద్ర నదులు గోదావరిలో కలుస్తాయి. హరిద్ర అనగా పసుపు. పసుపు పండే జిల్లాలో ఆ పేరు గల నది ఉండడం విశేషం. మంజీరపై 1923–31 మధ్య నిర్మించిన నిజాంసాగర్ వలన బోధన్ ప్రాంతంలో వరి, చెరకు సాగు విస్తరించినవి. జిల్లాకు తూర్పున ఉన్న ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల రైతులు బావులు, బోర్ల ఆధారంగా పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న పండించడంలో పేరు గడించినారు.

ఈ సరుకంతటికీ కూడలి నిజామాబాద్ మార్కెట్టు. ఇక్కడ పసుపును కాడి, గోళ, చూర అనే రకాలుగా విడదీసి అమ్ముతారు. 2016 ఏప్రిల్ లో ఎలక్ట్రానిక్ జాతీయ వ్యవసాయ మార్కెట్టు ప్రారంభమైనప్పుడు మొదట చేరిన 21 మార్కెట్లలో ఇది ఒకటి. అయినప్పటికీ మెరుగైన ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ వరకు సరుకు తీసుకుపోయే రైతులు ఈ జిల్లాలో ఉన్నారు.

పంట నడక

పసుపు తొందరపడే పంట కాదు. జూన్ నెలలో విత్తనపు కొమ్ములు నాటుతారు. ఎకరానికి 8 నుండి 10 క్వింటాళ్ళ విత్తనం కావలెను. కావున పెట్టుబడిలో పెద్ద భాగం మొదటి నెలలోనే ఖర్చవుతుంది. సంప్రదాయ రకాలు పక్వానికి రావడానికి సుమారు తొమ్మిది నెలలు పడుతుంది.

తవ్విన పసుపు వెంటనే అమ్మకానికి పనికిరాదు. దానిని ఉడకబెట్టవలెను, పది పదిహేను రోజులు ఎండబెట్టవలెను, ఆపైన మెరుగుపెట్టవలెను. నూరు కిలోల పచ్చి పసుపు నుండి సుమారు 20 కిలోల ఎండు పసుపు మాత్రమే వస్తుంది. తవ్వకానికి, ఉడకబెట్టడానికి, కళ్ళంలో ఆరబెట్టడానికి అయ్యే కూలి ఖర్చు పంట చివరలో ఒక్కసారిగా మీద పడుతుంది. జూన్ లో తెచ్చిన ఋణం అప్పటికి ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది. రైతు ప్రైవేటు అప్పు వైపు చూసేది సరిగా ఈ సమయంలోనే.

రెండు కాలములు ఢీకొనే చోటు

మార్కెట్టుకు పసుపు ప్రధానంగా జనవరి నుండి మే వరకు వస్తుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలలో రాక ఉధృతంగా ఉంటుంది. బ్యాంకుల లెక్కల సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. శాఖలలో వసూళ్ళ ఒత్తిడి తీవ్రంగా ఉండే నెలా, యార్డులో ధరపై ఒత్తిడి తీవ్రంగా ఉండే నెలా ఒకటే అవుతున్నవి. రైతు బకాయి తీర్చడానికి అమ్ముతాడు. పొరుగు రైతు కూడా అదే పని చేస్తాడు. అందరూ ఒకేసారి అమ్మడం వలన ధర ఇంకా దిగుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల ప్రకారం పంట ఋణం గడువును కోతతో పాటు అమ్మకానికి పట్టే కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకొని నిర్ణయించవలెను. సకాల చెల్లింపుపై లభించే వడ్డీ ప్రోత్సాహకం కూడా గరిష్ఠంగా ఒక సంవత్సరం వరకు వర్తిస్తుంది. జూన్ లో ఋణం తీసుకున్న పసుపు రైతుకు మార్చి 31 గడువు కానవసరం లేదు. తన గడువు తేదీ ఏమిటో రైతు శాఖలో అడిగి వ్రాసుకొనవలెను. సిబ్బంది దానిని స్పష్టంగా చెప్పవలెను.

ధర సంగతి

పసుపు కనీస మద్దతు ధర పరిధిలోని పంట కాదు. కావున ధర పడితే ఆపే అడ్డుకట్ట లేదు. 2019లో క్వింటాలు ధర ఐదారు వేల రూపాయల స్థాయిలో ఉన్నది. ఆ సంవత్సరం లోక్ సభ ఎన్నికలలో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేసినారు. వారిలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర వారి కోరికలు. ఐదేళ్ళ తరువాత, 2024లో, అదే మార్కెట్టులో ధర 15 వేల రూపాయలు దాటింది. 2023 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైనది.

ధర ఇంతగా ఊగిసలాడే సరుకును నిల్వ చేయడం లాభమా, నష్టమా? దీనికి లెక్క వేయక సమాధానం చెప్పరాదు.

గిడ్డంగి రశీదు – ఒక లెక్క

2007లో చేసిన గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం వలన నమోదైన గిడ్డంగి ఇచ్చే రశీదుకు చట్టబద్ధత వచ్చింది. 2017 నుండి ఈ రశీదులు ఎలక్ట్రానిక్ రూపంలో కూడా లభిస్తున్నవి. కిసాన్ క్రెడిట్ కార్డు గల చిన్న, సన్నకారు రైతులు ఇటువంటి రశీదుపై తీసుకునే ఋణానికి, కోత తరువాత ఆరు నెలల వరకు, పంట ఋణానికి వర్తించే రాయితీ వడ్డీయే వర్తించే ఏర్పాటు ఉన్నది.

ఈ క్రింది అంకెలు కేవలం ఉదాహరణకు ఇచ్చినవి. మీ స్వంత అంకెలతో మరల వేసి చూచుకొనండి.

రెండెకరాల రైతు జూన్ లో 1,50,000 రూపాయలు 7 శాతం వడ్డీకి తీసుకున్నాడు. మార్చిలో 40 క్వింటాళ్ళ ఎండు పసుపు చేతికి వచ్చింది. ధర క్వింటాలుకు 10,000 రూపాయలు. తొమ్మిది నెలల వడ్డీ 7,875 రూపాయలతో కలిపి బాకీ 1,57,875 రూపాయలు. అతడు 16 క్వింటాళ్ళు అమ్మి బాకీ తీర్చినాడు. మిగిలిన 24 క్వింటాళ్ళు గిడ్డంగిలో పెట్టి, 2,40,000 రూపాయల విలువపై 70 శాతం, అనగా 1,68,000 రూపాయలు, ఐదు నెలలకు ఋణం తీసుకున్నాడు.

వడ్డీ: 4,900 రూపాయలు.
అద్దె, క్వింటాలుకు నెలకు 12 రూపాయల చొప్పున: 1,440 రూపాయలు.
తరుగు 2 శాతం: మిగిలేది 23.52 క్వింటాళ్ళు.

ఈ ఖర్చులు పోను మార్చిలో అమ్మినంత ఫలితమే రావలెనన్నా ఆగస్టులో ధర సుమారు 10,475 రూపాయలు ఉండవలెను. ధర 11,000 అయితే రైతుకు 12,380 రూపాయలు అదనంగా మిగులుతుంది. 9,000కు పడితే 34,660 రూపాయలు నష్టం. పెరుగుదలా, తగ్గుదలా వెయ్యి రూపాయలే అయినా నష్టం లాభం కంటే ఎంతో పెద్దది. నిల్వ ఖర్చులు రెండు సందర్భాలలోనూ రైతు మీదనే పడడం దీనికి కారణం.

బ్యాంకు వైపు నుండి కూడా చూడండి. ధర సుమారు 7,350 రూపాయల కంటే దిగితే సరుకు మొత్తం అమ్మినా అసలు, వడ్డీ పూర్తిగా రావు. కావున ధరను వారం వారం గమనించడం శాఖ బాధ్యత.

పాటించవలసిన జాగ్రత్తలు

1. ముందు పంట ఋణం తీరేటంత సరుకు అమ్మండి. మొత్తం నిల్వ పెట్టి రెండు అప్పులు మోయవద్దు.

2. పసుపులో తేమ 10 శాతానికి మించకుండా ఎండిన తరువాతనే నిల్వ చేయండి. చెమ్మ గల సరుకుకు బూజు, నిల్వ పురుగు పడుతుంది.

3. గిడ్డంగి నమోదైనదా, సరుకుకు బీమా ఉన్నదా అని రశీదు తీసుకునే ముందే చూడండి. బీమా ఖర్చు విడిగా ఉంటే దానిని లెక్కలో చేర్చండి.

4. ఏ ధర వస్తే అమ్మవలెనో, ఏ ధరకు దిగితే ఇక ఆగరాదో నిల్వ పెట్టే రోజుననే కాగితంపై వ్రాసుకొనండి. ఆశ పెరిగిన తరువాత ఆ నిర్ణయం చేయడం కష్టం.

5. కోఝికోడ్ సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ రూపొందించిన ప్రగతి వంటి రకాలు సుమారు 180 రోజులలో పక్వానికి వస్తాయి. అటువంటి రకం వేసిన రైతుకు గడువు తేదీ వేరుగా ఉండవలెను. విత్తనం మారినప్పుడు ఆ సంగతి శాఖకు తెలుపండి. సాగు సలహాకు కమ్మర్ పల్లి పసుపు పరిశోధనా కేంద్రం జిల్లాలోనే ఉన్నది.

కౌలు రైతు మాట

పాసుపుస్తకం లేని కౌలు రైతుకు పంట ఋణం దొరకడం దుర్లభం. కానీ గిడ్డంగిలోని సరుకుకు భూమి పత్రంతో నిమిత్తం లేదు. బస్తా ఎవరు తెచ్చి పెట్టినారో రశీదు వారిదే. రాయితీ వడ్డీ లభించకపోయినను, ఆ రశీదు అతనికి బ్యాంకు తలుపు తెరిచే మొదటి పత్రం కాగలదు. శాఖాధికారులు ఈ అవకాశాన్ని అతనికి తామే తెలియజేయవలెను.

ముగింపు

పసుపు కొమ్ము తన కాలంలో తాను ఊరుతుంది. బ్యాంకు లెక్కల కోసం అది ముందుగా పండదు. పరపతియే పంట వెంట నడవవలెను. విత్తనానికి అప్పు ఇచ్చి అమ్మకం నాడు రైతును విడిచిపెడితే, మనం ఇచ్చిన ఋణం సగం పనే చేసినట్లు.

ఆలోచించండి:

1. మీ ప్రాంతపు ముఖ్య పంట ఏ నెలలలో మార్కెట్టుకు వస్తుంది? మీ ఋణం గడువు ఏ నెలలో ఉన్నది?

2. మీకు అతి సమీపాన గల నమోదైన గిడ్డంగి ఎంత దూరం? అక్కడి అద్దె ఎంత?

3. పై లెక్కలో ఐదు నెలలకు బదులు మూడు నెలలే నిల్వ ఉంచి, తరుగు అంతే ఉన్నదనుకుంటే, ధర ఎంత పెరిగితే నష్టం ఉండదు?