పాత ఐప్యాక్‌లో ఫైళ్లు భద్రంగా దాచుకోవడం ఎలా?

2003లో వచ్చిన హెచ్‌పీ ఐప్యాక్ హెచ్2210 లాంటి పాకెట్ పీసీ మీ చేతికి వస్తే, స్టైలస్ తీసి నోట్స్ రాయడం మొదలుపెట్టకముందే ఒక సంగతి తెలుసుకోవాలి. ఇందులో మీరు రాసేదంతా మామూలుగా ర్యామ్‌లోకి వెళ్తుంది. ఆ ర్యామ్‌ని నిలబెట్టేది బ్యాటరీ ఒక్కటే. బ్యాటరీ పూర్తిగా అడుగంటిందంటే నోట్సు, ఫోన్ నంబర్లు, ఎక్కించుకున్న ప్రోగ్రాములు పలక తుడిచినట్టు పోతాయి. ఛార్జింగ్ పెట్టి ఆన్ చేస్తే పరికరం అప్పుడే కొన్నదానిలా తెరుచుకుంటుంది. ఇప్పటి ఫోన్లకు అలవాటుపడినవాళ్లు దీన్ని ఓ పట్టాన నమ్మలేరు. పాకెట్ పీసీల్లో ఈ పరిస్థితి మారింది 2005లో, విండోస్ మొబైల్ 5.0 వచ్చాకే.

అయితే హెచ్2210లో 64 మెగాబైట్ల ర్యామ్‌తో పాటు 32 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీ కూడా ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది అందులోనే. అది పోగా మిగిలిన కొంత చోటును హెచ్‌పీ మనకు వదిలిపెట్టి, 'ఐప్యాక్ ఫైల్ స్టోర్' అని పేరు పెట్టింది. బ్యాటరీ చచ్చిపోయినా, ర్యామ్ అంతా తుడిచేసే హార్డ్ రీసెట్ చేసినా ఇందులోని ఫైళ్లు చెక్కుచెదరవు.

ముందు అందులో చోటెంత ఉందో చూడండి. స్టార్ట్ నొక్కి సెట్టింగ్స్‌లోకి, అక్కడ సిస్టమ్ ట్యాబ్‌లోని మెమరీలోకి వెళ్లండి. 'స్టోరేజ్ కార్డ్' అనే ట్యాబ్‌లో ఐప్యాక్ ఫైల్ స్టోర్‌ని ఎంచుకుంటే మొత్తం ఎంత, వాడింది ఎంత, ఖాళీ ఎంత అన్నది కనిపిస్తుంది. ఈ మోడల్‌లో ఉండేది కొన్ని మెగాబైట్లే. పాటలకూ ఫొటోలకూ ఇది చాలదు, వాటికి ఎస్‌డీ కార్డో సీఎఫ్ కార్డో వాడండి, రెండింటికీ ఇందులో చోటుంది. పోతే తిరిగి రాని రాతలకే ఫైల్ స్టోర్‌ని కేటాయించండి.

ఇక ఫైలును అక్కడికి చేర్చడం. స్టార్ట్, ప్రోగ్రామ్స్, ఫైల్ ఎక్స్‌ప్లోరర్. మై డాక్యుమెంట్స్‌లో మీ ఫైలు మీద స్టైలస్‌ను ఒక క్షణం నొక్కి ఉంచితే మెనూ వస్తుంది. అందులో 'కాపీ' నొక్కండి. పైన ఎడమవైపు కనిపించే ఫోల్డర్ పేరు తాకి 'మై డివైస్'కి వెళ్లి, ఐప్యాక్ ఫైల్ స్టోర్ తెరిచి, ఖాళీ చోట నొక్కి ఉంచి 'పేస్ట్' చేయండి. ఆ కాపీని ఒకసారి తెరిచి చూసుకోండి. మెనూలో 'కట్' కూడా ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్లకండి. ఎందుకో తెలియాలంటే సింక్, అంటే ఐప్యాక్‌లోని ఫైళ్లనూ కంప్యూటర్‌లోని ఫైళ్లనూ ఒకేలా ఉంచడం, ఎలా జరుగుతుందో చూడాలి.

సింక్‌కి కంప్యూటర్‌లో యాక్టివ్‌సింక్ అనే ప్రోగ్రాము కావాలి. విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్ దొరికితే సగం పని అయినట్టే, కొత్త విండోస్‌లతో ఇది పొసగదు. ముందు యాక్టివ్‌సింక్‌ని కంప్యూటర్‌లో ఎక్కించి, ఆ తర్వాతే క్రేడిల్ (ఐప్యాక్‌ని నిలబెట్టే స్టాండు) కేబుల్ తగిలించండి. ఈ వరుస తప్పితే కంప్యూటర్ పరికరాన్ని సరిగా గుర్తుపట్టకపోవచ్చు. పార్ట్‌నర్‌షిప్ కావాలా అని అడిగినప్పుడు అవునని చెప్పండి. గెస్ట్‌గా కలిపితే ఫైళ్లు చేత్తో కాపీ చేసుకోవచ్చు గానీ సింక్ జరగదు. తర్వాత వచ్చే జాబితాలో 'ఫైల్స్' ఎదురుగా టిక్ ఉండేలా చూసుకోండి. అప్పుడు కంప్యూటర్‌లోని మై డాక్యుమెంట్స్‌లో మీ పరికరం పేరుతో ఒక ఫోల్డర్ ఏర్పడుతుంది. దానికీ ఐప్యాక్‌లోని మై డాక్యుమెంట్స్‌కీ ముడిపడుతుంది. ఇక్కడ మారిస్తే అక్కడ మారుతుంది. ఇక్కడ చెరిపేస్తే అక్కడా పోతుంది.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఫైల్ స్టోర్ ఈ ముడిలో లేదు, సింక్ దానివైపు చూడనే చూడదు. మై డాక్యుమెంట్స్ నుంచి ఫైల్ని 'కట్' చేసి ఫైల్ స్టోర్‌లో పెట్టారనుకోండి, యాక్టివ్‌సింక్ లెక్కలో మీరు దాన్ని చెరిపేసినట్టు. కంప్యూటర్‌లో ఉన్న ప్రతిని కూడా తీసేస్తుంది. రెండు చోట్ల ఉన్న ఫైలు ఒక్కచోటికి చేరుతుంది, అదీ మీకు తెలియకుండా. అందుకే కాపీ చేయమన్నాను.

ఫైల్ స్టోర్‌లో ఉన్నవాటిని కంప్యూటర్‌కి చేర్చడం మన చేతి పని. క్రేడిల్‌లో పెట్టి, యాక్టివ్‌సింక్ కిటికీలో 'ఎక్స్‌ప్లోర్' నొక్కండి. మై పాకెట్ పీసీలోకి వెళ్తే ఐప్యాక్ ఫైల్ స్టోర్ కనిపిస్తుంది. అందులోవన్నీ కంప్యూటర్‌లో ఆ రోజు తేదీ పేరుతో పెట్టుకున్న ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఆ ఫోల్డర్ సింక్ ఫోల్డర్‌కి బయట ఉండాలి. కాపీ అయ్యేటప్పుడు వర్డ్ ఫైళ్ల రూపం మారిపోతుంది, ఐప్యాక్‌లోని పాకెట్ వర్డ్‌కి తెలియని హంగులు రాలిపోతాయి. ఫైలు ఉన్నదున్నట్టు కావాలంటే టూల్స్, ఆప్షన్స్, రూల్స్‌లోకి వెళ్లి కన్వర్షన్ సెట్టింగ్స్‌లో మార్పిడి టిక్ తీసేయండి.

ఫోన్ నంబర్లు, క్యాలెండర్ విడి ఫైళ్లుగా ఉండవు కనుక వాటిని ఇలా కాపీ చేయలేరు. కంప్యూటర్‌లో అవుట్‌లుక్ ఉంచుకుని దానితో సింక్ చేయాలి. మీ ఐప్యాక్‌లో 'ఐప్యాక్ బ్యాకప్' ప్రోగ్రాము ఉంటే దాని బ్యాకప్ ఫైలును నేరుగా ఫైల్ స్టోర్‌లోనో కార్డులోనో పెట్టుకోవచ్చు. రెండు దారులూ వాడటమే మంచిది. ప్రోగ్రాములను ఫైల్ స్టోర్‌లో ఇన్‌స్టాల్ చేయాలనిపిస్తుంది గానీ, నా సలహా వద్దనే. హార్డ్ రీసెట్ తర్వాత ప్రోగ్రాము ఫైళ్లు మిగిలినా, స్టార్ట్ మెనూలోని షార్ట్‌కట్లూ రిజిస్ట్రీలోని వివరాలూ పోతాయి. చాలా ప్రోగ్రాములను మళ్లీ ఇన్‌స్టాల్ చేయక తప్పదు.

తెలుగులో రాసుకునేవాళ్లకు ఒక మాట. ఎక్స్‌పీలో తెలుగు కనిపించేలా చేసుకోవచ్చు గానీ, పాకెట్ పీసీలో తెలుగు ఫాంట్ లేదు. ఆ ఫైలు అక్కడ తెరిస్తే గళ్లు కనిపిస్తాయి. చదువుకోవాల్సిన పేజీలను బొమ్మలుగా మార్చి ఎస్‌డీ కార్డులో పెట్టుకోండి.

కొన్నాళ్లపాటు వాడకుండా పక్కన పెట్టేటట్టయితే, ముందు ఒకసారి సింక్ చేసి, ఫైల్ స్టోర్‌ని కంప్యూటర్‌కి కాపీ చేసి, ఆ కాపీలో రెండు మూడు ఫైళ్లు తెరిచి చూశాకే క్రేడిల్ నుంచి తీయండి.