కన్నీటి తరువాత ఏమి?

పాఠభాగము: యాకోబు 1:22–25, 2 కొరింథీ. 9:7



అమెరికాలో న్యూయార్కు నగరమందు బ్రాడ్వే అను నాటకశాలల ప్రాంతము కలదు. అచ్చటికి చేరగోరు సంగీత నాటకములను తరచుగా ముందు ఇతర పట్టణములలో ఆడి, ప్రేక్షకుల స్పందన చూచి సవరించుదురు. 2025లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి లా హొయా ప్లేహౌస్‌లో “ది హార్ట్” అను క్రొత్త సంగీత నాటకము ప్రదర్శింపబడెను. ఫ్రెంచి రచయిత్రి మైలిస్ ద కెరంగాల్ 2014లో ప్రకటించిన నవల దానికి ఆధారము.

కథ యిది. తెల్లవారుజామున సముద్రపు అలలపై ఆడి మిత్రులతో తిరిగి వచ్చుచున్న యువకుడు రోడ్డు ప్రమాదమున పడెను. మెదడు చనిపోయెను, యంత్రము శ్వాస నిచ్చుచున్నందున గుండె ఇంకను కొట్టుకొనుచుండెను. ఒళ్లు వెచ్చగానే యున్నది. ఆ ఘడియలోనే తలిదండ్రులను, “మీ కుమారుని అవయవముల నిత్తురా?” అని అడుగవలసి వచ్చెను. నవలలో వారు గుండె నిచ్చిరి గాని కన్నులను ఇయ్యలేకపోయిరి.

ఆ తల్లిని మనము నిందింపరాదు. బలవంతము లేక హృదయములో నిశ్చయించుకొని యిచ్చుటయే దేవునికి ప్రియమని పౌలు బోధించెను. ఇచ్చినది చిన్నదని లెక్కించుట మన పని కాదు.

అట్టి కథను చూచువారు కన్నీరు విడుచుట సహజము. ఏడ్చువారితో ఏడ్వుమని వాక్యమే చెప్పుచున్నది. అయితే అద్దములో ముఖము చూచుకొని, వెళ్లి, మరచినవాని సంగతి యాకోబు చెప్పెను. పరుల కుమారునికొరకు ఏడ్చి, ఇంటికి వచ్చి మన వారితో ఒక్క మాటయైన మాటలాడనిచో మనమును అట్టివారమే.

మనలో కొందరు, “అవయవము లేని దేహము పునరుత్థానదినమున ఎట్లు లేచును?” అని భయపడుదురు. అగ్నిలో కాలిన హతసాక్షులను, సముద్రములో మునిగినవారిని లేపు దేవునికి ఒక మూత్రపిండము కొదువయగునా? విత్తబడినది గింజయే, దేహము నిచ్చువాడు దేవుడు (1 కొరింథీ. 15:37, 38).

మన దేశమందు 1994 నాటి చట్టము అవయవముల అమ్మకమును నిషేధించుచున్నది. మెదడు చనిపోయెనని నలుగురు వైద్యులు, కనీసము 6 గంటల ఎడముతో రెండుమార్లు పరీక్షించి నిర్ణయింపవలెను. తరువాత దగ్గరి బంధువుల సమ్మతి అడుగుదురు. తెలుగు రాష్ట్రములలో ఈ పని “జీవన్‌దాన్” పేరిట జరుగుచున్నది. కావున ఆ ప్రశ్న దుఃఖదినమున మొదటిసారి వినుటకంటె, సమాధానముగా నున్న దినమున కుటుంబ ప్రార్థన తరువాత మాటలాడుకొనుట మేలు. ఇయ్యగోరువారు చెప్పవలెను, ఇయ్యలేనివారిని ఎవరును తీర్పు తీర్చకూడదు.

ఆలోచించుటకు:
1. మన కోరిక మన ఇంటివారికి తెలియునా?
2. మంచము పట్టిన పొరుగువానికొరకు ఈ వారము, జీవించియుండగానే, మనమేమి చేయగలము?

ప్రార్థన: ప్రభువా, మాకొరకు నీ దేహము నిచ్చితివి. మా కన్నీరు క్రియగా మారునట్లు కృప దయచేయుము. ఆమేన్.