ట్యాబ్ కొనే ముందు: ‘ఆక్టా కోర్’ ఒక్కటే చూస్తే చాలదు



షాపులో పది, పదిహేను వేల ట్యాబ్‌లు చాలావాటి మీద ‘ఆక్టా కోర్’ అని రాసి ఉంటుంది. కొన్నాక ఆర్నెల్లకే క్లాసు మధ్యలో ట్యాబ్ ఆగిపోతే, ‘ఆటలాడి పాడుచేశావు’ అని పిల్లల్ని కోప్పడతాం. అసలు లోపం మనం ఎంచుకున్న చిప్‌లోనే ఉండొచ్చు.

ఒకే చిప్, రెండు పనులు

పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. ప్రాసెసర్ వంట మాస్టారు. గ్రాఫిక్స్ వడ్డించేవాళ్లు. వంట తొందరగా అయినా వడ్డించేవాళ్లు చాలకపోతే బంతి కదలదు. పదిమంది ఉన్నా వంట కాకపోతే గరిటెలు పట్టుకుని నిలబడాల్సిందే.

యాప్ తెరవడం, పీడీఎఫ్ పేజీలు సిద్ధం చేయడం ప్రాసెసర్ పని. వాటిని తెర మీద గీయడం, 3డీ బొమ్మలు తిప్పడం, ఆటలు గ్రాఫిక్స్ పని. వీడియోకు మాత్రం చిప్‌లో వేరే భాగం ఉంటుంది. అందుకే ‘యూట్యూబ్ బాగా వచ్చింది’ అన్నది సరైన పరీక్ష కాదు.

కోర్ల లెక్క

హీలియో పీ22టీ, హీలియో జీ99 రెండింటిలోనూ ఎనిమిది కోర్లే. మొదటిదానిలో ఎనిమిదీ చిన్నవి, కార్టెక్స్ ఏ53 రకం. రెండోదానిలో ఆరు చిన్నవైనా, రెండు బలమైన ఏ76 కోర్లు. యాప్ తెరిచేటప్పుడు భారం ఎక్కువగా ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది కాబట్టి తేడా అక్కడే తెలుస్తుంది.

గ్రాఫిక్స్‌కూ అంతే. యూనిసాక్ టీ606లోనూ జీ99లోనూ ఉన్నది మాలీ జీ57. కానీ మొదటిదానిలో ఒక కోరు, రెండోదానిలో రెండు.

తెర లెక్క

1280×800 తెరలో సుమారు 10 లక్షల చుక్కలు. 1920×1200 తెరలో సుమారు 23 లక్షలు. అంటే విస్తళ్లు రెట్టింపు దాటాయి. వడ్డించేవాళ్లు మాత్రం అంతమందే! తక్కువ ధరకు పెద్ద తెర ఇస్తున్నారంటే చిప్ పేరు తప్పక అడగండి.

ర్యామ్‌ను కూడా ఇద్దరూ పంచుకోవాలి. ‘4+4 జీబీ’ అని ఉంటే అసలు ర్యామ్ 4 జీబీయే. మిగతాది స్టోరేజీ నుంచి తీసుకున్నది, వేగం తక్కువ.

షాపులో పది నిమిషాలు

1. బరువైన పీడీఎఫ్ తెరిచి పేజీలు గబగబా తిప్పండి. పేజీలు ఆలస్యంగా వస్తుంటే ప్రాసెసర్ చాలడం లేదేమో చూడండి.
2. జియోజెబ్రాలో శంకువు గీసి తిప్పండి. కుదుపులు వస్తే తెరకు తగ్గ గ్రాఫిక్స్ లేదేమో.
3. తెరను రెండుగా చేసి ఒకవైపు వీడియో, మరోవైపు నోట్స్ పెట్టండి. యాప్‌లు మూసుకుపోతుంటే ర్యామ్ చాలడం లేదని అనుమానించండి.

వీడియో పాఠాలు, వర్క్‌షీట్లు మాత్రమే చూసే చిన్న తరగతులకు 1280×800 తెర సరిపోతుంది. పై తరగతులకు కనీసం రెండు బలమైన కోర్లున్న చిప్ చూడండి. అంతకు మించిన గ్రాఫిక్స్‌కు పెట్టే డబ్బు చదువు కంటే ఆటలకే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఈ నెల ఇంటి పని: మీరు చూస్తున్న రెండు ట్యాబ్‌ల తెర చుక్కల్ని మీ పిల్లల చేతే గుణించి పోల్చమనండి. ఎంపికలో వాళ్లకూ పాలుంటుంది.